నట్టింట్లో నడిబొడ్డు

నాలుగు వందల ఏళ్ళుగా నెమలికోట నగరం నడిబొడ్డు లేకుండానే బతికేసింది. ఆ సంగతి నగరానికి తెలియదు. గంటస్తంభమే ఊరి మధ్య అనుకొని, అక్కడే పూలు కొని, అక్కడే ఊరేగింపులు తిప్పి, అక్కడే తగువులాడుకొని, అదే నడిబొడ్డన్న భ్రమలో తరాలు వెళ్ళిపోయాయి. అజ్ఞానంలో ఉన్న సుఖం మరెందులోనూ లేదు కదా.

ఆ సుఖాన్ని పోగొట్టింది నగర కేంద్ర నిర్ధారణ సంస్థ. దాని డైరెక్టరు చక్రపాణిగారు ప్రభుత్వం పంపగా దేశదేశాల మహానగరాలు చూసి వచ్చారు. వచ్చీ రాగానే టౌన్ హాల్లో సభ పెట్టి, గంటస్తంభం ఉత్త 'మనోభావ కేంద్రం' మాత్రమేననీ, వీధుల అల్లిక ప్రకారం అసలు కేంద్రం మరెక్కడో ఉండి తీరుతుందనీ, అది దొరికేదాకా తనకు నిద్ర పట్టదనీ చెప్పారు. జనం చప్పట్లు కొట్టారు. ఊరికి ఏదో పోయిందని అంత పెద్దమనిషి చెబితే, అది దొరకాలనే ఎవరికైనా అనిపిస్తుంది.

కేంద్రాన్ని వెతకడానికి ఆయన దగ్గర ఓ పద్ధతి ఉంది. జనం ఎటు ఎక్కువగా నడుస్తారో అదే పెద్ద దారి, పెద్ద దారులన్నీ ఎక్కడ ముడిపడతాయో అదే కేంద్రం. అందుకని గవ్వంతేసి పరికరాలు తెప్పించి పాల క్యాన్లకు, కూరల బుట్టలకు, బడి సంచులకు, చాకిరేవు మూటలకు కట్టించారు. అవి తిరిగిన చోటల్లా కంప్యూటరులో ఎర్రగీత పడుతుంది. ఎన్ని కాళ్ళు తిరిగితే గీత అంత లావవుతుంది. కొన్నాళ్ళకు గీతలన్నీ కలిసి తాటికాయంత ఎర్రముడి పడింది. అది పడిన చోటు కోట లోపలి పేటలో నూకరత్నం ఇల్లు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఆమె నట్టిల్లు. ఉయ్యాలకీ బియ్యం డబ్బాకీ మధ్యన.

ఇందులో కంప్యూటరు తప్పేమీ లేదు. నెమలికోట కట్టిన రాజులు శత్రువు గుర్రాలు దూసుకురాకుండా కోటలో వీధుల్ని పాము మెలికలుగా వేయించారు. శత్రువు వచ్చాడో లేదో తెలియదు గానీ, కోటలో కాపురం ఉన్నవాళ్ళకు మాత్రం పక్క వీధికి వెళ్ళాలంటే ఊరు చుట్టిన పని అయింది. దాంతో వాళ్ళు మరో ఏర్పాటు చేసుకున్నారు. ఎవరింటికి ముందో గుమ్మం, వెనకో గుమ్మం ఉంటే ఆ ఇంట్లోంచి నడిచి వెళ్ళిపోవడం. చెప్పులు చేత్తో పట్టుకొని, "దారి తల్లీ" అని ఓ కేక వేసి, వంటింట్లో ఏం ఉడుకుతోందో చూడనట్టు చూసుకుంటూ అవతలి వీధిలో తేలడం. అది అక్కడి మర్యాద. కాదన్నవాళ్ళింటికి పెళ్ళికైనా ఎవరూ రారు. నూకరత్నం ఇంటి వీధిగుమ్మం కోటవీధిలోకి, దొడ్డిగుమ్మం బండ్లవీధిలోకి ఉన్నాయి. బండ్లవీధి దాటితే బజారు. ఇంక చెప్పేదేముంది.

నూకరత్నం ఆ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్ళు. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి మంచాన పడితే చదువు ఆగిపోయింది. చదువు ఆగింది గానీ భయాలు ఆగలేదు. కూతురు జాహ్నవి పుట్టాక రెట్టింపయ్యాయి. ఆ పిల్లగుంట ముక్కులో శనగగింజ పెట్టుకుంటుందేమోనని శనగలు కొనడం మానేసింది. గుంట నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. ఇప్పుడు గుంటకు నడక కాదు, ఏకంగా పరుగే వచ్చింది. కోటవీధి గుమ్మం ముందు మూత లేని మురుగుకాలవ. బండ్లవీధిలో బస్తాల లారీలు. తెరిచిన గుమ్మం కనబడితే చాలు, విల్లు వదిలిన బాణంలా దూసుకుపోయేది జాహ్నవి. కాబట్టి నూకరత్నం బతుకంతా రెండు గొళ్ళేల మధ్య గడిచేది. ఎవరో పిలిస్తే గొళ్ళెం తీయడం, వాళ్ళు దాటగానే వేయడం, ఆ గుమ్మానికి పరుగెత్తి అక్కడ తీయడం, వేయడం. అయినా ఆమెకు అది కష్టమనిపించలేదు. గొళ్ళెం పడిన చప్పుడు వింటే గుండె కుదుటపడేది.

అటువంటి ఇంటికి ఓ ఉదయం సంస్థ అసిస్టెంటు ఇంజినీరు భాస్కరమూర్తి పరివారంతో వచ్చాడు. గోడలు కొలిచాడు, ఉయ్యాల కొలిచాడు, పొయ్యి మీది గంజిని కాసేపు పరికించాడు. ఆ తర్వాత ఎంతో గౌరవంగా చెప్పాడు.

"అమ్మా, ఇది ఇల్లు కాదు."

"మరేటి బాబూ?"

"ప్రథమ శ్రేణి ప్రజా మార్గం. పైగా నగర కేంద్రం."

నూకరత్నానికి అర్థం కాలేదు. కాసేపటికి కొంచెం అర్థమైంది, ఎందుకంటే అప్పటికి వాళ్ళు వీధి తలుపు మడతబందులు విప్పుతున్నారు. ప్రజా మార్గం మీద అడ్డంకులు ఉండరాదని నియమమట. తలుపంటే అడ్డంకి కాక మరేమిటని భాస్కరమూర్తి అడిగాడు. తలుపు ఉండేది అడ్డంగానే మరి. రెండు తలుపులనూ బండి మీద వేసి గోదాముకు తోలుకుపోయారు. బండి వీధి మలుపు తిరిగేలోగా జాహ్నవి కాలవ గట్టు మీద ఉంది. నూకరత్నం దాన్ని లంగా పట్టి ఎత్తుకుంది. ఆ రోజంతా చంక దించలేదు.

భర్త పైడిరాజు జూటు మిల్లులో షిఫ్టు దిగి వచ్చేసరికి ఇంటి ముందు 'నగర కేంద్రం' అని నీలం బోర్డు ఉంది. అతను నెమ్మదస్తుడు. దేన్నయినా మొదట మెచ్చుకొని తర్వాత విచారించే రకం. మన అడ్రసు ఇంక ఎవరికీ చెప్పక్కర్లేదు కదే అన్నాడు. చుట్టాలు పొగిడారు. మిల్లులో మేనేజరు చెయ్యి కలిపాడు. తలుపు లేకపోతే పిల్ల మాటేమిటని నూకరత్నం అడిగితే, ఊరందరూ కళ్ళముందు తిరుగుతుంటే పిల్లకేం భయమన్నాడు. ఊరందరూ తిరుగుతుండటమే ఆమె భయం.

పాత చీర మెలిపెట్టి పిల్ల నడుముకు కట్టి, రెండో కొస స్తంభానికి ముడేసింది. మర్నాడే సంస్థవాళ్ళు వచ్చి అభ్యంతరం చెప్పారు. మార్గమధ్యంలో ఏ ప్రాణినీ కట్టివేయరాదు. నియమం రాసినప్పుడు వాళ్ళు తలుచుకున్నది పశువులనే గానీ, పిల్లలకు మినహాయింపు ఎక్కడా లేదు. చీర కూడా గోదాముకు పోయింది.

కేంద్రం అన్నాక హంగులుండాలి. నట్టింట్లో వీధిదీపం వేశారు. దాని మీట సబ్ స్టేషనులో ఉండటం వల్ల పిల్లను నిద్రపుచ్చాలంటే కళ్ళ మీద కొంగు కప్పాల్సి వచ్చేది. పొయ్యికీ మంచానికీ మధ్య తెలుపు నలుపు చారలు గీసి, అక్కడ మాత్రమే దాటాలన్నారు. పొయ్యి ముందు ఓ గట్టు కట్టి స్పీడ్ బ్రేకరన్నారు. పరుగెత్తే గుంట దాని మీద తట్టుకొని పడి మూతి పగలగొట్టుకుంది. వేగం తగ్గిందని రాసుకున్నారు.

ఇవన్నీ ఓర్చుకుందామనుకుంది నూకరత్నం. ఆడదానికి ఓర్పుండాలని తల్లి చెప్పేది. కానీ తల్లి కాలంలో వంటింటికి వన్ వే లేదు.

రద్దీ పెరుగుతోందని తేల్చి ఉదయంపూట దొడ్డిగుమ్మం నుంచి వీధిగుమ్మం వైపే నడవాలని ఉత్తర్వు వేశారు. ఓ ట్రాఫిక్ కానిస్టేబులును బియ్యం డబ్బా పక్కన నిలబెట్టారు. వంటింట్లోంచి నట్టింట్లోకి రావచ్చు. నట్టింట్లోంచి వంటింట్లోకి పోవాలంటే వీధిలోకి దిగి, కోట చుట్టూ తిరిగి, బండ్లవీధి మీదుగా దొడ్డిగుమ్మంలోంచి రావాలి. మొదటి రోజు ఉప్పు కోసం నట్టింట్లోకి వచ్చి అలాగే వెళ్ళొచ్చింది. ఆమె వచ్చేసరికి కూర మాడి, కానిస్టేబులు పొయ్యి ఆర్పి ఉన్నాడు. మంచివాడు పాపం. నియమాల మనిషి అంతే.

ఆ వారమే ఓ పొద్దున ఆమె వీధిగుమ్మంలో నిలబడి బట్టలు దులుపుతోంది. వంటింట్లో కూర్చొని పళ్ళెం కొట్టుకుంటున్న గుంట చప్పుడు ఆగిపోయింది. పిల్లల చప్పుడు ఆగితే తల్లులకు తెలుస్తుంది. తిరిగి చూస్తే దొడ్డిగుమ్మంలో వెలుతురు, ఆ వెలుతురులో చిన్న వీపు. అవతల లారీ హారను. నూకరత్నం బట్టలు పారేసి పరుగెత్తింది. కానిస్టేబులు విజిల్ వేశాడు. చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యి కింది నుంచి దూరి, స్పీడ్ బ్రేకరు దాటి, గుమ్మం చేరేసరికి లారీ వెళ్ళిపోయింది. గుమ్మం మెట్టు మీద ఆకుకూరల సన్యాసమ్మ, నెత్తిన బుట్ట కదలకుండా, గుంటను గౌను వీపు పట్టుకొని పిల్లిపిల్లలా వేలాడదీసి ఉంది.

సన్యాసమ్మ ఆ ఇంట్లోంచి నలభై ఏళ్ళుగా బజారుకు నడుస్తున్న మనిషి. నూకరత్నం అక్కడే కూలబడిపోతే గుంటను ఒళ్ళో పడేసింది. ఈలోగా కానిస్టేబులు వచ్చి, రాంగు రూటులో వచ్చినందుకు నూకరత్నం మీద కేసు రాయాలన్నాడు.

"రాయి బాబూ," అంది సన్యాసమ్మ. "మరి గుంట ఎటునుంచొచ్చింది? అదీ ఇటే కదేటి? దానికీ రాయి. పేరు తనకింకా పలకడం రాదు, నాను సెప్తాను."

కానిస్టేబులు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. రెండేళ్ళ వాళ్ళను పాదచారులనాలా, వాహనాలనాలా అన్నది పైవాళ్ళను కనుక్కుంటానని వెళ్ళిపోయాడు.

ఆ రోజు నూకరత్నం పిల్లను చంకనేసుకొని సంస్థ ఆఫీసుకు వెళ్ళింది. ఆఫీసు ఒకప్పటి దివాను మేడ. డైరెక్టరు గది చల్లగా ఉంది. గోడ నిండా పటం, పటం మధ్య ఎర్రముడి. చక్రపాణిగారు ఆమెను ఎంతో ఆదరంగా చూసి, కూర్చోమని కూడా అన్నారు. నీ ఇంటిని చూడటానికి పై రాష్ట్రాల నుంచి నిపుణులు వస్తున్నారు, నువ్వెంత అదృష్టవంతురాలివో నీకు తెలుసా అన్నారు. ఆమె ఒక్క గొళ్ళెం ఇప్పించమంది. గొళ్ళేనికి తలుపు కావాలి, తలుపు కావాలంటే అది ఇల్లు కావాలి, అది ఇల్లు కాదు కదా అని ఆయన విడమరిచారు.

"అమ్మా, నువ్వు గృహం అనే సంకుచిత పరిధిలోంచి ఆలోచిస్తున్నావు. మహానగర పరిధిలోంచి ఆలోచించు."

"గుంట లారీ కింద పడితే, పరిధి ఎంతుంటే నాకేటి బాబూ?"

చక్రపాణిగారు నొచ్చుకున్నారు. అయితే కఠినుడేమీ కాదు. ఎంత ఆలోచించినా నియమంలో ఒకటే సందు కనబడింది. మూడు నెలలకోసారి పరికరాలు మళ్ళీ కట్టి లెక్క తీస్తారు. జనం అక్కడ నడవడం మానేస్తే అది కేంద్రం కాకుండా పోతుంది. కానీ అలా ఎన్నటికీ జరగదని ఆమెకు ధైర్యం చెప్పి పంపారు. మళ్ళీ రేపు రమ్మన్నారు, అలవాటు కొద్దీ.

ఆమె వెళ్ళాక ఆయనకు ఓ దిగులు పట్టుకుంది. నిజంగానే ఈ జనం కేంద్రాన్ని తొక్కి తొక్కి అరగదీస్తున్నారు. బండలు అరుగుతున్నాయి, బుట్టలు రాసుకొని సున్నం రాలుతోంది. ఇంత కష్టపడి కనిపెట్టిన కేంద్రం భావితరాలకు దక్కాలంటే దాన్ని జనం నుంచి కాపాడాలి. వెంటనే సంరక్షణ ఉత్తర్వు వెలువడింది. రెండు గుమ్మాలకూ అడ్డంగా ఎర్ర తాళ్ళు కట్టించి, కాపలా వాళ్ళను పెట్టారు. కేంద్రంలోకి ఎవరూ ప్రవేశించరాదు, బయటి నుంచి దర్శించవచ్చు. పైడిరాజు కుటుంబం మాత్రం అందులోనే ఉండవచ్చు, కేంద్రానికి జీవకళ కోసం.

తాళ్ళు వచ్చాయంటే నూకరత్నం ముందు సంతోషించింది. తీరా చూస్తే అవి పెద్దవాళ్ళ నడుము ఎత్తున ఉన్నాయి. గుంట తల వంచకుండానే కింది నుంచి వెళ్ళిపోయేది. కాపలావాళ్ళకు లోపలికి వచ్చేవాళ్ళను ఆపమని చెప్పారు గానీ, బయటికి పోయేవాళ్ళ సంగతి చెప్పలేదు.

కాబట్టి రోజూ ఆఫీసుకు నడక తప్పలేదు. గొళ్ళెం, గొళ్ళెం అంటూ వెళ్ళడం, రేపు రమ్మనిపించుకోవడం. మూడో రోజో నాలుగో రోజో ఎండ మండిపోతుంటే, ఆమె ఆ దివాను మేడ వసారాలో నిలబడి చూసింది. మేడకు వెనక కూడా ఓ గుమ్మం ఉంది. దాంట్లోంచి గాలి వస్తోంది, కాకరకాయల వాసన వస్తోంది. అంటే అవతల బజారే. డైరెక్టరు గది పక్కనుంచి, ఫైళ్ళ గది మీదుగా వెళితే దర్జాగా దిగిపోవచ్చు. నెమలికోట కోడలికి రెండు గుమ్మాలు కనబడితే కాళ్ళు ఊరుకుంటాయా? చెప్పులు చేత్తో పట్టుకొని నడిచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సన్యాసమ్మ, తాళ్ళ పుణ్యమాని ఊరంతా తిరిగి తిరిగి కాళ్ళు పీకి, తాడు అవతల నిలబడి సంస్థవాళ్ళను తిట్టిపోస్తోంది. నూకరత్నం మామూలుగా చెప్పింది, ఆపీసులోంచి పోతే దగ్గర మామ్మా, నీడగా కూడా ఉంటాది అని. అందులో కుట్ర ఏమీ లేదు. కోటలో దారి సంగతి ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టే.

వారం తిరక్కుండా దివాను మేడలోంచి కోట పేట మొత్తం నడుస్తోంది. పాల క్యాన్లు, బడి సంచులు, చాకిరేవు మూటలు. "దారి బాబూ" అంటే గుమాస్తాలు కుర్చీలు జరిపేవారు. సన్యాసమ్మ బుట్టలోంచి తోటకూర కట్టలు ఆఫీసులోనే అమ్ముడుపోయేవి. డైరెక్టరుగారు మొదట విస్తుపోయారు, తర్వాత అద్దాల తలుపులోంచి చూసి పొంగిపోయారు. నగర ప్రణాళిక మీద సామాన్యుడికి ఇంత ఆసక్తి ఏ దేశంలో ఉంది? 'ప్రజా భాగస్వామ్యం అనూహ్యంగా పెరిగినది' అని పైకి రాశారు. పైవాళ్ళు మెచ్చుకొని మంత్రిగారిని పంపారు.

మంత్రిగారు వచ్చిన రోజే మూడు నెలల లెక్క బయటపెట్టే రోజు. ముచ్చటగా ఉంటుందని పటానికి పట్టు తెర కట్టారు. నూకరత్నాన్ని కూడా పిలిచారు, కేంద్రవాసిని కింద. ఆమె పిల్లను గట్టిగా పట్టుకొని వెనక వరసలో నిలబడింది. మంత్రిగారు తాడు లాగారు. తెర తొలగింది. ఎర్రముడి కోట పేటలో లేదు. జరిగి జరిగి వచ్చి సరిగ్గా దివాను మేడ మీద, అందులోనూ డైరెక్టరుగారి గది వాకిట్లో, కుంకుమ బొట్టులా కూర్చుంది.

అంతలో చాకిరేవు మూట ఒకటి "దారి బాబూ" అంటూ మంత్రిగారి పక్కనుంచి వెళ్ళింది.

భాస్కరమూర్తి ముందుకు వచ్చాడు. అతనిలో కక్ష లేదు, ద్వేషం లేదు. చేతిలో టేపు మాత్రం ఉంది.

"సార్, ఇది ఆఫీసు కాదు. ప్రథమ శ్రేణి ప్రజా మార్గం."

చక్రపాణిగారు ఏదో చెప్పబోయారు. కానీ మంత్రిగారు అప్పటికే చప్పట్లు మొదలుపెట్టారు, తన ఆఫీసునే నగరానికి అర్పించిన అధికారిని తన జీవితంలో చూడలేదని. ఇంకేం చెబుతారు? నియమం తనదే, సంతకమూ తనదే. డైరెక్టరుగారి గది టేకు తలుపు, వెనక గుమ్మం తలుపు ఆ మధ్యాహ్నమే మడతబందుల నుంచి ఊడి గోదాముకు వెళ్ళాయి. నూకరత్నం ఇల్లు మార్గం కాదని, మార్గం కానిది గనక అది ఇల్లేనని, ఇల్లు గనక తలుపులకు అర్హత ఉందని మరో ఉత్తర్వు వచ్చింది.

పైడిరాజు బండి కట్టించుకొని గోదాముకు వెళ్ళాడు. అతని తలుపులు లేవు. కేంద్ర ప్రారంభోత్సవం నాడు భోజనాలకు వంటచెరకు చాలకపోతే వాడేశారట. ఉత్తర్వులో 'తలుపులు ఇవ్వవలెను' అని ఉందిగానీ ఫలానావి అని లేదు. ఆ వేళకు గోదాములో ఉన్నవి రెండే. మనుషులు నలుగురు పట్టి ఎక్కిస్తే బండి మూలిగింది.

టేకు తలుపుకు మోచేయంత ఇత్తడి గొళ్ళెం ఉంది. దాన్ని వేసినప్పుడు వచ్చిన చప్పుడు నూకరత్నం జన్మలో వినలేదు. రెండోసారి తీసి మళ్ళీ వేసింది, వినడానికే. ఆ తర్వాత గుంటను నేల మీద వదిలింది. గుంట తలుపు దాకా పరుగెత్తి, రెండు చేతులతో గుద్ది, కదలదని తెలిసి, అక్కడే బోర్లా పడుకొని నిద్రపోయింది. తల్లి దాని పక్కనే గోడకు జారగిలబడింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం కూడా మరిచిపోయింది.

అప్పుడే వీధిలో ఎవరో చెప్పులు ఈడ్చిన చప్పుడైంది. చక్రపాణిగారు. అక్కడ ఆఫీసులోకి మేకలు వస్తున్నాయి. పటం గాలికి చిరిగింది. ఎవరో ఆయన కుర్చీలో కూర్చొని పిల్లాడికి అన్నం తినిపిస్తున్నారు. తలుపులు తిరిగి ఇవ్వమని అడగడానికి స్వయంగా వచ్చారు. తట్టడానికి చెయ్యి ఎత్తారు.

తలుపు మీద ఇత్తడి పలక మెరుస్తోంది. దాని మీద ఆయన పేరు, పేరు కింద ఆయనే చెప్పి చెక్కించిన అక్షరాలు: అనుమతి లేనిదే లోనికి రాకూడదు, తట్టకూడదు.

ఆయన నియమాల మనిషి. ఎత్తిన చెయ్యి దించుకొని నిలబడ్డారు.

లోపల నూకరత్నం తలుపు సందులోంచి చూసింది. గుంట ఇప్పుడే నిద్రపోయింది. లేపడం ఆమెకు ఇష్టం లేకపోయింది.